కిరాయానామా కథ: దలాలీ ఎందుకు పెరిగింది, ఎలా తగ్గుతుంది



మణికొండలో ఫ్లాట్ కిరాయికి తీసుకున్న ప్రతి ఇంట్లో, బీరువాలోనో ఫైలులోనో ఒక కాగితం ఉంటుంది. ఆఫీసులో దాన్ని రెంటల్ అగ్రిమెంట్ అంటారు. మన ఇళ్ళల్లో కిరాయానామా. దాని చివరి పేజీలో షెడ్యూల్ అని ఒక పేరా ఉంటుంది. ఫ్లాట్ నంబరు, నాలుగు హద్దులు రాసి, కింద "మణికొండ జాగీర్ గ్రామం, గండిపేట మండలం, రంగారెడ్డి జిల్లా" అని ఉంటుంది. ఇల్లు రాయదుర్గం వైపు అయితే రాయదుర్గ్ పాయిగా అనో, రాయదుర్గ్ నౌ ఖల్సా అనో, రాయదుర్గ్ పాన్‌మక్తా అనో ఉంటుంది.

దస్తఖత్ పెట్టేముందు ఈ పేరా చదివేవాళ్ళు తక్కువ. చదివితే ఒక సంగతి తెలుస్తుంది. జాగీర్, ఖల్సా, పాయిగా, మక్తా అన్నీ మన జబాన్ మాటలే. పై పేజీల సంగతీ అంతే. కిరాయి, బాకీ, రసీదు, హామీ, జామీను, దస్తావేజు, తారీఖు, వకీలు, ఖాళీ. ఇల్లు, కచేరీ, లావాదేవీల గురించి తెలుగువాళ్ళు ఏ మజహబ్‌కు చెందినవారైనా వాడే మాటల్లో చాలా భాగం ఫారసీ, అరబీల నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చి స్థిరపడినవే. మాటలు ఇంత మనవైన కాగితం కోసం మనం ఇంత డబ్బు ఎందుకు ఇస్తున్నాం?

హిసాబ్ చూద్దాం. నెల కిరాయి 25,000 అనుకోండి. ఐటీ కారిడార్‌లో దలాలు మామూలుగా అడిగేది ఒక నెల కిరాయి, అంటే 25,000. అడ్వాన్సు రెండు నెలలదైతే 50,000. మొదటి నెల కిరాయి మరో 25,000. ఆపైన స్టాంపు కాగితం, టైపింగ్, నోటరీ, వకీల్ సాబ్ ఫీజు. తాళం చేతికి రాకముందే లక్ష దాటింది. అడ్వాన్సు ఒకనాటికి తిరిగి రావాల్సిన డబ్బు. కిరాయికి బదులు ఇల్లు వాడుకుంటాం. పోయి తిరిగిరానివి రెండే: దలాలీ, కాగితం ఖర్చు. 11 నెలలకోసారి ఇల్లు మారే కుటుంబం, 11 నెలలు ఉండి 12 నెలల కిరాయి కడుతుందన్నమాట.

ఈ రెండు ఖర్చులూ ఎక్కడ పుట్టాయో తవారీఖ్‌లో వెతికితే, ఎలా తగ్గించుకోవాలో కూడా అక్కడే దొరుకుతుంది.

జాగీర్, ఖల్సా, ఇజారా

ముందు షెడ్యూల్‌లోని మాటల సంగతి. ఖల్సా అంటే నేరుగా సర్కారు శిస్తు వసూలు చేసుకున్న భూమి. జాగీర్ అంటే ఆ వసూలు హక్కును ఒక వ్యక్తికో దర్గాకో అప్పగించిన భూమి. పాయిగా అంటే ఆ పేరు గల అమీరుల ఖాందాన్‌కు ఇచ్చిన ఇలాకా. మక్తా అంటే స్థిరమైన కొద్దిపాటి మొత్తం కట్టే షరతు మీద ఇచ్చిన భూమి. ఈ నాలుగు పద్ధతుల మధ్య తేడా ఒక్క ప్రశ్నలోనే ఉంది: దున్నేవాడికీ దర్బారుకూ మధ్య ఎవరు నిలబడ్డారు?

అసఫ్‌జాహీ రాజ్యంలో 19వ శతాబ్దం సగం గడిచేదాకా ఖల్సా భూముల్లోనూ చాలాచోట్ల వసూలు ఇజారాకు పోయేది. ఒక తాలూకాదారు సర్కారుకు ఇంత ఇస్తానని ఖరారు చేసుకుని, రైతు దగ్గర తన ఇష్టం వచ్చినంత గుంజేవాడు. రైతు ఎంత ఇచ్చాడో దర్బారుకు తెలియదు. దర్బారుకు ఎంత చేరిందో రైతుకు తెలియదు. ఆ తెలియకపోవడమే మధ్యవాడి ఆమ్దానీ. 1853లో దీవాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీ ఖాన్ ఈ గుత్త తాలూకాదారులను తొలగించుకుంటూ వచ్చి, వాళ్ళ స్థానంలో జీతం తీసుకునే అధికారులను పెట్టాడు. 1865లో జిలాబందీ తెచ్చి రాజ్యాన్ని జిల్లాలుగా ఏర్పరిచాడు. లెక్క కాగితం మీదికి వచ్చినచోట మధ్యవాడి బలం తగ్గింది. జాగీర్లు మాత్రం ఇంకా చాలాకాలం నిలిచాయి. హైదరాబాద్ ఇండియాలో కలిసిన తర్వాత, 1949 ఆగస్టు 15న వచ్చిన రెగ్యులేషన్‌తో అవి రద్దయ్యాయి. జాగీర్దారు పోయాడు, గ్రామం పేరులో జాగీర్ మాట మిగిలింది. మణికొండ జాగీర్ భూములు హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా వక్ఫ్ కిందివా అన్న వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1,654 ఎకరాలు సర్కారువేనన్న తీర్పుతో 2022 ఫిబ్రవరిలో ముగిసింది. అది వేరే దాస్తాన్, మరోసారి చెప్పుకుందాం.

ఇక్కడ మనం గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. ఇరువైపులా ఉన్నవాళ్ళకు ఒకరి సంగతి ఒకరికి తెలియనప్పుడు మధ్యవాడు పుడతాడు. కాగితం చదవడం రానిచోట వాడు బలుస్తాడు.

దలాలు హరామా?

చాలామంది దలాలు అన్న మాటను తిట్టులా వాడతారు. దీన్ దృష్టిలో అది ఇన్సాఫ్ కాదు. హజ్రత్ ఖైస్ బిన్ అబీ గర్జా చెప్పిన రివాయత్ అబూ దావూద్‌లో ఉంది. మదీనా బజారులో దలాలీ చేసేవాళ్ళను అప్పట్లో సమాసిరా అని పిలిచేవారు. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ వాళ్ళకు అంతకంటే మంచి పేరు, తుజ్జార్ అని ఇచ్చారు. బేరంలో పనికిమాలిన మాటలు, ఒట్లు దొర్లుతాయి కాబట్టి సదఖా ఇస్తూ ఉండమని చెప్పారు. సహీహ్ బుఖారీలో దలాలు కూలి గురించి ఒక బాబ్ ఉంది. ఇబ్నె సీరీన్, అతా, ఇబ్రాహీమ్, హసన్ వంటి పెద్దలు ఆ కూలిలో తప్పు చూడలేదని అందులో ఉంది.

అదే బుఖారీలో రెండో వైపు కూడా ఉంది. బయటి నుంచి సరుకు తెచ్చిన పల్లెవాడి తరఫున పట్టణవాసి అమ్మకూడదన్న హదీస్‌కు మతలబ్ ఏమిటని అడిగితే, అతనికి దలాలుగా నిలబడకూడదని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ వివరించారు. బజారులో ఇద్దరు నేరుగా కలవగలిగినప్పుడు మధ్యలో దూరి ధర పెంచడం మీద ఆ మనాహీ.

రెండూ కలిపి చూస్తే మాట సాఫ్‌గా ఉంది. పని చేసిన దలాలుకు ఉజ్రత్ హక్కు. ఆ ఉజ్రత్ ఎంతో పనికి ముందే తెలియాలి. పని లేనిచోట ఉజ్రత్ లేదు. ఇల్లు వెతికి, నాలుగు ఇళ్ళు చూపించి, మాలిక్‌తో మాట్లాడి కిరాయి తగ్గించినవాడికి ఇవ్వండి, చెమట ఆరకముందే ఇవ్వండి. గేటుకు వేలాడే టులెట్ బోర్డు మీది నంబరుకు మీరే ఫోన్ చేశాక, మధ్యలో ఒకడు వచ్చి నెల కిరాయి అడిగితే అది ఏ పనికి కూలి అని అడగడం మీ హక్కు.

కాతిబ్ ఎవరు, చెప్పి రాయించేది ఎవరు

ఇక కాగితం. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ నమాజు గురించో రోజా గురించో కాదు, లావాదేవీని కాగితం మీద పెట్టడం గురించి. సూరె బఖరా 282వ ఆయత్. గడువు పెట్టుకున్న బాకీని రాసుకోమని, కాతిబ్ ఇన్సాఫ్‌తో రాయాలని, గవాహ్‌లను పెట్టుకోమని, చిన్న మొత్తమైనా విసుగు పడకుండా రాయమని అందులో హుకుమ్. కాతిబ్‌కు, గవాహ్‌కు నష్టం చేయవద్దని కూడా ఉంది. అందులో ఒక మాటను మనం చదివి దాటిపోతుంటాం: ఎవరి మీద బాధ్యత ఉందో ఆ మనిషే చెప్పి రాయించాలి. చెప్పలేని స్థితిలో ఉంటే అతని వలీ చెప్పాలి.

కిరాయానామాలో నెలనెలా కట్టే బాధ్యత ఎవరిది? కిరాయేదారుది. కానీ ఈ రోజు కొండాపూర్‌లో జరిగేది ఉల్టా. మాలిక్ తరఫునో దలాలు తరఫునో ఒక అచ్చు నమూనా వస్తుంది. పేరు, ఫ్లాట్ నంబరు మార్చి ప్రింటు తీస్తారు. కట్టాల్సినవాడు నిలబడి దస్తఖత్ పెడతాడు. తన మాట ఒక్కటీ లేని కాగితానికి ఫీజు కూడా తనే కడతాడు.

ఈ అలవాటుకూ తవారీఖ్ ఉంది. హైదరాబాద్ దఫ్తర్ల భాష మొదట ఫారసీ. ఫారసీ రాయగల మున్షీలు, తరతరాలుగా దఫ్తర్లు నడిపిన కాయస్థ ఖాందాన్‌లు కాగితానికి తాళంచెవులు పట్టుకున్నవాళ్ళు. 1880ల్లో ఉర్దూ దఫ్తరీ జబాన్ అయింది. ఊళ్ళోని తెలుగు రైతుకు, చదువురాని ముసల్మానుకు అప్పుడూ అర్జీనవీస్ కావాల్సిందే. తర్వాత ఇంగ్లీషు వచ్చింది. భాష రెండుసార్లు మారినా, కాగితాన్ని వేరేవాడి చేత రాయించుకుని చదవకుండా దస్తఖత్ పెట్టే అలవాటు మారలేదు. మున్షీ ఉన్న చోట ఇప్పుడు టైపింగ్ సెంటర్ ఉంది.

సర్కారు మధ్యలోకి వచ్చిన కాలం

1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచేసింది. వేలమంది ప్రాణాలు, ఇళ్ళు పోయాయి. ఆ తబాహీ తర్వాత, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలు తొలగించి, వెడల్పు రోడ్లు వేసి, పేద, మధ్యతరగతి కుటుంబాల కోసం వరుస ఇళ్ళు కట్టి కిరాయికి ఇచ్చింది. మల్లేపల్లి లాంటి చోట్ల ఆ బోర్డు ఇళ్ళ గురించి పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. మాలిక్ సర్కారే, కిరాయి లెక్క దఫ్తర్‌లోనే. మధ్యలో దలాలుకు చోటు లేదు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ధరలు మండినప్పుడు నిజాం ప్రభుత్వం కిరాయిల మీద కంట్రోల్ ఆర్డర్ తెచ్చింది. దాని మీద 1353 ఫస్లీ అని ఉంటుంది, అంటే 1943 ప్రాంతం. 1954లో హైదరాబాద్ రాష్ట్ర శాసనసభ కిరాయి ఇళ్ళ కంట్రోల్ చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1960లో రెండు ప్రాంతాలకూ కలిపి భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయించడాల నియంత్రణ చట్టం వచ్చింది. అందులోని 7వ సెక్షన్ మన చర్చకు ముఖ్యం. మాలిక్ పగిడీ లాంటి అదనపు సొమ్ము తీసుకోకూడదు. అడ్వాన్సు ఒక నెల కిరాయికి మించకూడదు.

ఇది కాగితం మీది మాటగానే మిగలలేదు. గూడూరులోని మోడరన్ హోటల్ కేసులో, మాలిక్ దగ్గర ఒక నెలకు మించిన అడ్వాన్సు పడి ఉండగా కిరాయేదారును బాకీదారు అని ఖాళీ చేయించలేరని సుప్రీంకోర్టు 1989లో చెప్పింది.

అంత రక్షణ ఇప్పుడు ఎందుకు లేదు? 2005లో ఆ చట్టానికి సవరణ వచ్చింది. మునిసిపల్ కార్పొరేషన్ పరిధిలో నెల కిరాయి 3,500 దాటిన భవనాలకు చట్టం వర్తించదన్నారు. 3,500కు గచ్చిబౌలిలో ఈ రోజు ఒక హాస్టల్ మంచం కూడా దొరకడం కష్టం. చట్టం పుస్తకంలో ఉంది. ఐటీ కారిడార్ ఇళ్ళు మాత్రం దాని నీడ బయట ఉన్నాయి. అక్కడ నడిచేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, ఇద్దరూ కుదుర్చుకున్న షరతులు. అడ్వాన్సుకు హద్దు షరతు పెట్టుకుంటేనే ఉంటుంది. కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టంలో ఇంటి అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదని ఉంది. కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలు.

దలాలీ మీద కూడా అంతే. 2016 నాటి రెరా చట్టం ప్రాజెక్టుల్లో ఇళ్ళు, ప్లాట్లు అమ్మే ఏజెంట్లను రిజిస్టర్ చేయించుకోమంటుంది. కిరాయి కుదిర్చే దలాలు దాని పరిధిలోకి రాడు. అంటే "ఒక నెల" అన్నది చట్టం పెట్టిన రేటు కాదు, బజారు రివాజు. రివాజును బేరం ఆడవచ్చు.

1998 నవంబరు

ఆ నెలలో ఈ నగరంలో రెండు పనులు జరిగాయి. నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. హైటెక్ సిటీ అన్న మాట అక్కడి నుంచే ఇంటింటి మాట అయింది. అదే నెలలో రాష్ట్ర ప్రభుత్వం రెండు వందలకు పైగా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల్లో కార్డ్ అనే కంప్యూటర్ పద్ధతి మొదలుపెట్టింది. దస్తావేజు రాసేవాళ్ళ మీద, మధ్యవర్తుల మీద ఆధారపడకుండా గంటలో రిజిస్ట్రేషన్ అని దాని వాదా. 2004లో జొనాథన్ కేస్లీ అనే పరిశోధకుడు ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో దాన్ని పరిశీలించి రాశాడు. కంప్యూటర్ వచ్చింది, మధ్యవర్తి పోలేదు అన్నది ఆ వ్యాసం సారాంశం. కాగితం చదివే బాధ్యత జనం వైపు మారనంతకాలం యంత్రం మారినా దలాలు అక్కడే ఉంటాడు.

సైబర్ టవర్స్ చుట్టూ పెరిగిన కొత్త బస్తీల్లో ఆ దూరం ఇంకా పెరిగింది. పాత శహర్‌లో ఇల్లు ఖాళీ అయితే గల్లీ మొత్తానికి తెలుస్తుంది. చాచా చెబుతాడు, కిరాణా దుకాణం చెబుతుంది, మౌజన్ సాబ్ చెబుతారు. మాదాపూర్, కొండాపూర్, నానక్‌రామ్‌గూడలో ఫ్లాట్ మాలిక్ డల్లాస్‌లోనో జెద్దాలోనో ఉంటాడు. కిరాయేదారు కర్నూలు నుంచో కరీంనగర్ నుంచో నిన్ననే వస్తాడు. ఇద్దరికీ బస్తీ తెలియదు. తాళంచెవి దలాలు జేబులో ఉంటుంది. 2014లో మొదలైన నోబ్రోకర్ లాంటి యాప్‌లు ఈ దూరాన్ని ఫోన్‌తో దాటించే ప్రయత్నం చేశాయి, కొంత దాటించాయి. అక్కడా కొన్ని నంబర్ల తర్వాత ప్లాన్ కొనమంటుంది. నెల కిరాయితో పోలిస్తే అది చిన్న మొత్తమే.

పేరు మీద పడే ఖర్చు

మన కుటుంబాలకు ఇంకో దూరం ఉంది. అది పేరు చెప్పగానే మొదలవుతుంది. ఫోన్‌లో ఇల్లు ఖాళీ ఉందంటారు. పేరు చెప్పాక "ఇప్పుడే ఇచ్చేశాం" అంటారు, లేదా "మావాళ్ళు శాకాహారులు" అంటారు. ఇది ఒకరిద్దరి వహమ్ కాదు. సుఖదేవ్ థోరాట్, తోటి పరిశోధకులు ఢిల్లీ, దాని చుట్టుపక్కల నగరాల్లో దళిత, ముస్లిం పేర్లతో ఇళ్ళు అడిగి చూసి, 2015లో అదే ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఫలితాలు రాశారు. పేరును బట్టి తలుపు మూసుకోవడం నిజమనీ, ముస్లిం పేర్లకు అది ఎక్కువనీ తేలింది. ఇల్లు దొరికినవాళ్ళకు కూడా అదనపు షరతులు పెట్టారు. రాజ్యాంగం సర్కారు వివక్షను ఆపుతుంది. సొంత ఇంటిని కిరాయికిచ్చే మాలిక్ ఎవరిని ఎంచుకోవాలో చెప్పే చట్టం లేదు.

హైదరాబాద్‌లో దీని ఫలితం కళ్ళముందే ఉంది. హైటెక్ సిటీలో పనిచేసే ముస్లిం కుటుంబాలు చాలా వరకు టోలీచౌకీ వైపు ఇల్లు చూసుకుని, రోజూ ట్రాఫిక్‌లో రాకపోకలు చేస్తాయి. అందరూ అక్కడికే చేరితే అక్కడ కిరాయి పెరుగుతుంది. ఆఫీసు దగ్గరే ఉండాలనుకున్నవాళ్ళు, "మాలిక్‌ను నేను ఒప్పిస్తా" అన్న దలాలుకు అడిగినంత ఇస్తారు. అంటే దలాలీలో ఒక భాగం ఇల్లు చూపించినందుకు, ఇంకో భాగం మన పేరుకు హామీ పడినందుకు. ఈ రెండో భాగాన్ని బేరమాడి తగ్గించలేం. మనమే ఒకరికొకరం హామీ పడితేనే అది తగ్గుతుంది.

11 నెలల కాగితం అసలు సంగతి

"11 నెలలకు రాస్తే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు" అన్నది ప్రతి టైపింగ్ సెంటర్‌లో వినిపించే మాట. కేంద్ర చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజులకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దేశమంతా 11 నెలల రివాజు దాని నుంచే పుట్టింది. కానీ మన దగ్గర, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, 1999 నాటి 4వ చట్టం రిజిస్ట్రేషన్ చట్టంలోని 17వ సెక్షన్‌ను మార్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి గడువు ఎంతైనా స్థిరాస్తి లీజులన్నీ రిజిస్ట్రేషన్ జాబితాలోకి వచ్చాయి. సైబర్ టవర్స్ తెరిచి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు.

దీని మతలబ్: నోటరీ ముద్ర వేసిన 11 నెలల కాగితం రిజిస్టర్ అయిన కాగితంతో సమానం కాదు. కోర్టులో అది లీజు షరతులకు పూర్తి సబూత్‌గా నిలవదు. మీరు ఆ ఇంట్లో కిరాయేదారుగా ఉన్నారన్న లాంటి పక్క విషయాలకు పనికొస్తుంది. అందుకని దాని మీద వకీల్ ఫీజు పేరుతో వేలు పోయడంలో అర్థం లేదు. నిజంగా గట్టి కాగితం కావాలంటే, రెండు మూడేళ్ళకు కలిపి ఒకేసారి రాసుకుని సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించుకోండి. స్టాంపు డ్యూటీ, ఫీజు మొత్తం కిరాయిని, గడువును బట్టి లెక్కిస్తారు. ఆ లెక్క రిజిస్ట్రేషన్ శాఖే చెబుతుంది, దలాలును అడగక్కర్లేదు.

గట్టి కాగితం లేనివాళ్ళు నిరాధారులని కూడా అనుకోవద్దు. నెలనెలా కిరాయి కడుతూ ఉంటున్నవాళ్ళది నెలవారీ కిరాయేదారీ. దాన్ని ముగించాలంటే 15 రోజుల నోటీసు ఇవ్వాలని ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ చెబుతుంది. "రేపటికల్లా సామాన్ తీయండి" అన్న మాటకు చట్టంలో చోటు లేదు. కిరాయి బ్యాంకు ద్వారా కట్టడం, రసీదు దాచుకోవడం మీ అసలు దస్తావేజు.

స్టాంపు ఖర్చు ఎవరిది? 1899 నాటి స్టాంపు చట్టం 29వ సెక్షన్ ప్రకారం, వేరే ఖరారు లేకపోతే లీజు స్టాంపు ఖర్చు కిరాయేదారుది. "వేరే ఖరారు లేకపోతే" అన్న ఆ మాట పట్టుకోండి. చెరి సగం అని ముందే మాట్లాడుకుంటే చెరి సగమే.

మనమే చెప్పి రాయిద్దాం

ఆయత్ చూపిన దారిలో, బాధ్యత ఉన్నవాళ్ళే నోరు తెరిచి రాయించాల్సిన సంగతులు ఇవి. కిరాయి ఎంత, ఏ తారీఖులోగా. మెయింటెనెన్స్ ఎవరిది. ఏడాదికి ఎంత పెంపు. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి. రంగుల పేరుతో కోత ఉంటే ఎంత, ఎన్నేళ్ళు ఉన్నాక ఉండదు. రెండు వైపులా నోటీసు ఎన్ని నెలలు. గీజరు, ఫ్యాన్లు, కుళాయిల జాబితా, చేరిన రోజు తీసిన ఫోటోలు. గడువు తీరాక కొనసాగితే కొత్త దలాలీ లేదన్న ఒక వాక్యం. ఇద్దరు గవాహ్‌లు. ఇది ఇంట్లో చదువుకున్న బిడ్డ ఒక పూటలో తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయగల కాగితం. మాలిక్ నమూనా ఇచ్చినా దాన్ని ఒక రోజు ఇంటికి తెచ్చుకుని అందరూ కూర్చుని చదవండి. ఇల్లు నడిపే ఆడవాళ్ళు తప్పకుండా చదవాలి. నీళ్ళు, లిఫ్టు, మరమ్మతుల షరతుల్లో లోటు ముందు వాళ్ళకే కనబడుతుంది.

వకీల్ ఎప్పుడు కావాలి? మాలిక్ విదేశంలో ఉండి వేరేవాళ్ళు పవర్ ఆఫ్ అటార్నీతో దస్తఖత్ పెడుతున్నప్పుడు, ఇంటి మీద తగాదా ఉన్నప్పుడు, పెద్ద అడ్వాన్సు అడిగినప్పుడు. అక్కడ వకీల్ సాబ్‌కు ఇచ్చే ఫీజు వృథా కాదు. మామూలు ఇంటికి ఆస్తి పన్ను రసీదు, కరెంటు బిల్లు మీది పేరు, ఆన్‌లైన్‌లో తీసుకునే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ చూస్తే మాలిక్ ఎవరో తెలుస్తుంది. ఇల్లు చూడకుండా, మాలిక్‌తో మాట్లాడకుండా ఎవరికీ బయానా ఇవ్వవద్దు.

దలాలుతో మొదటి ఫోన్‌లోనే ఉజ్రత్ ఖరారు చేసుకోండి. పదిహేను రోజుల కిరాయికి ఒప్పుకునేవాళ్ళూ ఉంటారు. మాలిక్ దగ్గర కూడా తీసుకుంటున్నారా అని అడగండి. తాళం చేతికి వచ్చాకే ఇస్తామనండి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు ఏ ఫ్లాట్ ఎప్పుడు ఖాళీ అవుతుందో దలాలు కంటే ముందే తెలుస్తుంది. మీ ఆఫీసులో ఇల్లు ఖాళీ చేస్తున్న తోటి ఉద్యోగికి అతని మాలిక్ నంబరు తెలుసు. ఈ రెండు దారులూ నడిచి చూశాకే దలాలు దగ్గరకు వెళ్ళండి.

ఇక పేరు మీద పడే ఖర్చు. దానికి ఒక ఇంటి తెలివితేటలు చాలవు, జమాత్ కావాలి. ప్రతి నికాహ్‌ను సియాహానామాలో ఎక్కించుకునే ఖౌమ్ మనది. తరతరాల కాగితం జాగ్రత్తగా దాచగలిగినవాళ్ళం. గచ్చిబౌలి, కొండాపూర్, మణికొండ మసీదుల్లో జుమా నమాజుకు వచ్చేవాళ్ళలో ఇంటి మాలిక్‌లు ఉన్నారు, కిరాయేదార్లు ఉన్నారు, రెండు నెలల్లో ఖాళీ చేయబోయేవాళ్ళు ఉన్నారు. మసీదు కమిటీ ఒక రిజిస్టరు పెడితే చాలు. ఖాళీ ఇల్లు, మాలిక్ నంబరు, కిరాయి. రెండో పేజీలో, ఇంతకుముందు ఉన్న కిరాయేదార్లకు ఆ మాలిక్ అడ్వాన్సు సరిగ్గా తిరిగి ఇచ్చాడా లేదా. మూడో పేజీలో, కిరాయేదారుకు జమానత్‌గా మాట చెప్పేవాళ్ళ పేర్లు. మన ముస్లిమేతర మాలిక్‌లలో ఇప్పటికే ముస్లిం కుటుంబాలకు సంతోషంగా ఇల్లిచ్చి, తృప్తిగా ఉన్నవాళ్ళ పేర్లు కూడా అందులో ఉండాలి. వాళ్ళ మాట ఇంకో మాలిక్‌కు మన మాట కంటే త్వరగా చేరుతుంది.

మనలో ఫ్లాట్ కొని కిరాయికి ఇచ్చేవాళ్ళకు కూడా ఒక అర్జీ. అడ్వాన్సు అమానత్ అనుకోండి. ఖాళీ చేసిన రోజే హిసాబ్ చేసి తిరిగి ఇవ్వండి. మంచి కిరాయేదారును 11 నెలలకోసారి కదిలించకండి. ఇల్లు ఖాళీ అవుతుందని రిజిస్టరులో మీరే రాయండి.

సాలార్‌జంగ్ కాలంలో లెక్క కాగితం మీదికి రావడంతో ఇజారాదారు బలం తగ్గింది. మన కాలంలో కాగితం మన చేతిలోనే ఉంది, మాటలూ మనవే. దస్తఖత్‌కు ముందు చదవడం, ఖాళీ ఇంటి ఖబర్ నలుగురికీ చెప్పడం, ఈ రెండే మిగిలాయి. కొత్త నగరంలో ఇల్లు వెతుకుతున్న ప్రతి కుటుంబానికీ అల్లాహ్ ఆసానీ చేయుగాక. ఆమీన్.